నాగలి వచ్చాక ఆడవాళ్ల స్థానం ఎందుకు తగ్గింది? లెక్క తేల్చిన ఎకనమిస్ట్ ఎస్తర్ బోసెరప్ లైఫ్ స్టోరీ

పొలంలో నాట్లు వేసేది, కలుపు తీసేది ఎక్కువగా ఆడవాళ్లే. కానీ సర్కారు కాగితాల్లో రైతు అనగానే మగవాళ్ల పేరే ఉంటుంది. ఈ తేడా వల్ల పేద దేశాల్లో ఎంత నష్టం జరుగుతోందో 1970లోనే పుస్తకం రాసి మరీ చూపించారు ఎస్తర్ బోసెరప్. ఆమెది డెన్మార్క్. అయితే ఆమె ఆలోచన మలుపు తిరిగింది మాత్రం మన ఇండియాలో!

1910 మే 18న కోపెన్‌హాగన్‌లో పుట్టారు ఎస్తర్. తండ్రి ఇంజనీర్. పాప పసితనంలోనే ఆయన చనిపోయారు. దీంతో ఇంట్లో డబ్బుకు కటకట మొదలైంది. చదువు లేకపోతే ముందు ముందు కష్టమేనని తల్లి గట్టిగా ప్రోత్సహించారు. 21 ఏళ్లకే మోగెన్స్ బోసెరప్‌తో పెళ్లి, 1935లో ఎకనమిక్స్ డిగ్రీ, ఆ వెంటనే డెన్మార్క్ ప్రభుత్వంలో ఉద్యోగం. జర్మనీ సైన్యం దేశాన్ని ఆక్రమించుకున్న రోజుల్లోనూ అక్కడే పనిచేశారు. 1947లో భార్యాభర్తలిద్దరూ జెనీవా వెళ్లి ఐక్యరాజ్యసమితిలో చేరారు.

అసలు కథ 1957లో మొదలైంది. స్వీడన్ ఎకనమిస్ట్ గున్నార్ మిర్డాల్ ఆసియా పేదరికంపై పెద్ద రీసెర్చ్ చేపట్టారు. ఆ పని మీద ఈ జంట ఇండియాకు వచ్చింది. పల్లెల్లో జనం ఎక్కువ, పని తక్కువ, సగం మంది ఖాళీగానే ఉంటారని అప్పట్లో పెద్ద పెద్ద ఎకనమిస్టులే నమ్మేవారు. ఊళ్లు తిరిగి చూసిన ఎస్తర్‌కు అది నిజమనిపించలేదు. సీజన్ వస్తే మనుషులు చాలక ఇబ్బందే కదా! మిర్డాల్‌తో అభిప్రాయాలు కలవలేదు. 1960లో ఇద్దరూ వెనక్కి వెళ్లిపోయారు.

1965లో వచ్చిన మొదటి పుస్తకంలో ఆమె మాల్థస్ సిద్ధాంతాన్నే తిరగేశారు. తిండిని బట్టి జనాభా ఉంటుందని మాల్థస్ అంటే, జనాభా పెరిగినప్పుడే మనిషి కొత్త సాగు పద్ధతులు పడతాడని ఎస్తర్ వాదించారు. జనం తక్కువ ఉన్నచోట పోడు కొట్టి, ఏళ్ల తరబడి భూమిని బీడు వదిలేస్తారు. జనం పెరిగే కొద్దీ ఆ గ్యాప్ తగ్గుతూ, చివరికి ఏడాదికి రెండు పంటల దాకా వస్తుంది.

ఇక 1970 పుస్తకం. ఆఫ్రికాలో పోడు సాగు చేసే చోట మగవాళ్లు చెట్లు కొట్టి నేల చదును చేస్తే, విత్తడం నుంచి కోత దాకా మిగతా పనంతా ఆడవాళ్లదే. అక్కడికి వచ్చిన యూరప్ అధికారులు మాత్రం వ్యవసాయం అంటే మగవాళ్ల పని అనుకున్నారు. కొత్త పద్ధతులు, అమ్మకానికి వేసే పంటలు, మెషీన్లు అన్నీ మగవాళ్లకే నేర్పారు. ఆడవాళ్ల చేతిలో పాత పారే మిగిలింది. అభివృద్ధి పేరుతో ఇచ్చిందంతా ఒకవైపే పోవడంతో ఇద్దరి మధ్య దూరం ఇంకా పెరిగిందన్నది ఆమె లెక్క.

ఇది పొలంతో ఆగలేదు. ఆడవాళ్లు సాగు చేసే చోట పెళ్లికొడుకు వాళ్లే ఎదురు డబ్బు ఇస్తారని, నాగలి సాగులో ఆడవాళ్లు ఇంటికే పరిమితమైన చోట కట్నం అడుగుతారని ఆమె గమనించారు. (మన దగ్గర కొన్ని కులాల్లో ఓలి ఇచ్చే ఆచారం ఉండేదని పెద్దవాళ్లను అడిగితే చెబుతారు.) ఇదే దారిలో 1974లో మన ఎకనమిస్ట్ ప్రణబ్ బర్ధన్ ఇంకో అడుగు వేశారు. నాట్లకు ఆడవాళ్ల అవసరం ఎక్కువగా ఉండే వరి ప్రాంతాల్లో, గోధుమ పండే ఉత్తరాదితో పోలిస్తే ఆడపిల్లలు బతికే అవకాశం మెరుగ్గా ఉండటానికి ఈ పనే ఒక కారణం కావచ్చన్నారు. అంటే అమ్మ కూలికి, పాప ప్రాణానికి లింక్ ఉందన్నమాట!

విమర్శలూ వచ్చాయి. వంట, నీళ్లు, పిల్లల పెంపకం లాంటి ఇంటి చాకిరీని ఎస్తర్ సరిగా పట్టించుకోలేదని 1981లో లూర్దెస్ బెనెరియా, గీతా సేన్ రాశారు. నిజానికి అది న్యాయమైన విమర్శే. కానీ వాళ్లు వాదన మొదలుపెట్టడానికి కూడా ఆమె పుస్తకమే కావాల్సి వచ్చింది. 1975లో ఐరాస మహిళా సంవత్సరం నాటికి ఈ అంశంపై మాట్లాడేవాళ్లందరికీ అదే ఆధారం.

భర్త 1978లో చనిపోయాక ఆమె స్విట్జర్లాండ్‌కు మారిపోయారు. 1989లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ విదేశీ సభ్యురాలిగా ఎన్నుకుంది. 1999 సెప్టెంబర్ 24న, 89 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆ నాగలి వాదనను 2013లో అలెసినా, జూలియానో, నన్ అనే ముగ్గురు ఎకనమిస్టులు డేటాతో టెస్ట్ చేశారు. పూర్వీకులు నాగలి దున్నిన సమాజాల్లో ఈ రోజుకీ ఆడవాళ్లు ఉద్యోగాలకు వెళ్లడం తక్కువని తేలింది. అమెరికా, యూరప్‌లకు వలస వెళ్లిన కుటుంబాల పిల్లల్లోనూ అదే తేడా కనిపించింది.