జంషెడ్‌జీ కంటితో చూడని ఊరు

ఉత్తరాంధ్ర పాత తరం వాళ్లు జంషెడ్‌పూర్ అనరు. టాటానగర్ అంటారు, లేదంటే ఒక్క ముక్కలో ‘టాటా’ అంటారు. పని వెతుక్కుంటూ ఖరగ్‌పూర్ మీదుగా వెళ్లిన వాళ్లకు ఊరి కంటే ముందు రైల్వే స్టేషనే పరిచయం మరి. ఆ ఊరికి పేరిచ్చిన మనిషి మాత్రం ఆ స్టేషన్లో ఎన్నడూ దిగలేదు. సాక్చీనీ, పక్కనున్న కాసిడీహ్‌నీ చూడకుండానే ఆయన కన్నుమూశారు.

జంషెడ్‌జీ నస్సర్వాన్‌జీ టాటా 1839 మార్చి 3న గుజరాత్‌లోని నవ్‌సారీలో పార్శీ పూజారుల కుటుంబంలో పుట్టారు. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో చదువు ముగించి 1858లో తండ్రి వ్యాపారంలో చేరారు. అమెరికా అంతర్యుద్ధం ముగియగానే పత్తి ధరలు కుప్పకూలి, ఆ కుటుంబం దివాలా అంచుకు వెళ్లింది. అందులోంచి తేరుకుని 1868లో 21 వేల రూపాయలతో సొంత వ్యాపారం మొదలుపెట్టారు.

బట్టల మిల్లు పెట్టాలనుకున్నప్పుడు అందరూ బొంబాయి వైపు చూస్తుంటే ఆయన నాగ్‌పూర్ ఎంచుకున్నారు. చుట్టుపక్కల పత్తి పండుతుంది, బొగ్గు దగ్గర, బొంబాయి నుంచి రైలు అప్పటికే వచ్చింది. 1877 జనవరి 1న ఎంప్రెస్ మిల్లు ప్రారంభమైంది. మిల్లును నడిపించడానికి ఎంచుకున్న బెజాన్‌జీ దాదాభాయ్ కూడా రైల్వే ఉద్యోగిగా పనిచేసినవారే. ముడిసరుకు, నీరు, రైలు మూడూ కలిసే చోటే ఫ్యాక్టరీ పెట్టాలన్న లెక్క ఆయనకు అక్కడ రుజువైంది. కార్మికుల పెన్షన్ నిధి ఆలోచన కూడా ఆ మిల్లులోనే 1886లో ఆచరణకు వచ్చింది.

1882లో చాందా జిల్లా ఇనుప ఖనిజంపై జర్మన్ నిపుణుడు ఒకరు రాసిన నివేదిక ఆయన చేతికొచ్చింది. ఉక్కు ఫ్యాక్టరీ ఆలోచన అక్కడ పుట్టింది. గనుల నిబంధనలు అడ్డు రావడంతో దాదాపు ఇరవై ఏళ్లు ఆగాల్సి వచ్చింది. 1899లో కర్జన్ హయాంలో నిబంధనలు సడలాక, అరవై దాటిన వయసులో అమెరికా వెళ్లి ఉక్కు కొలిమిలు చూశారు, ఇంజనీర్లను కలిశారు. సరైన స్థలం దొరకడానికి ఐదేళ్ల ముందే, 1902లో, కొడుకు దొరాబ్‌కు ఉత్తరం రాసి ఊరు ఎలా ఉండాలో వివరించారు. వెడల్పాటి వీధులు, త్వరగా ఎదిగే నీడనిచ్చే చెట్లు, పచ్చిక బయళ్లు, ఆటస్థలాలు, అన్ని మతాల వారి ప్రార్థనాలయాలకు చోటు ఉండాలన్నారు.

1904 ఫిబ్రవరిలో భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ మయూర్‌భంజ్ సంస్థానంలోని గోరుమహిసానీ కొండల ఖనిజం గురించి టాటాలకు రాశారు. మూడు నెలలు గడవకముందే, మే 19న, జర్మనీలోని బాద్ నౌహైమ్‌లో జంషెడ్‌జీ మరణించారు.

మిగతాది దొరాబ్‌జీ, ఆయన బృందం పూర్తి చేశారు. 1907లో కంపెనీ ఏర్పడింది. సువర్ణరేఖ, ఖర్కాయీ నదులు కలిసే సాక్చీ దగ్గర స్థలం దొరికింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే మీది చిన్న స్టేషన్ కాలిమాటి పక్కనే ఉంది. నాగ్‌పూర్ లెక్క ఇక్కడా పనిచేసింది. 1912లో తొలి ఉక్కు పోత పోశారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఇక్కడి రైలు పట్టాలు మెసొపొటేమియా దాకా వెళ్లాయి. 1919 జనవరిలో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ వచ్చి సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. కాలిమాటి టాటానగర్ అయింది.

కాగితం మీది ఊరు నేల మీదికి దిగడం అంత తేలిక కాలేదు. మొదటి ప్లాన్ అమెరికాలోని పిట్స్‌బర్గ్ నుంచి వచ్చింది. తర్వాత ఎఫ్.సి. టెంపుల్ నేల వాలును, వాగులను గమనించి రోడ్లు, డ్రైనేజీ గీశారు. 1940లలో ఒట్టో కోనిగ్స్‌బర్గర్ మరో ప్లాన్ ఇచ్చారు. ఏ ప్లాన్ వేసినా, వచ్చే జనానికి కంపెనీ క్వార్టర్లు సరిపోలేదు. క్వార్టరు దొరకని వాళ్లు బస్తీల్లో సొంతంగా ఇళ్లు కట్టుకున్నారు. ఇక ఈ ఊరి కింద పాత ఊళ్లున్నాయి. ఈ ప్రాంతంలో ‘డీహ్’ అంటే పల్లె. కాసిడీహ్ అన్న పేరులోనే ఆ జ్ఞాపకం మిగిలింది. సేకరించిన వేల ఎకరాల్లో ఆదివాసుల, రైతుల పొలాలున్నాయి. వాళ్లకు ఈ కొత్త ఊరిలో ఏం దక్కాలన్న సంగతి ఆ ఉత్తరంలో లేదు.

కార్మికుడికీ నీడ, ఆటస్థలం కావాలని వందేళ్ల క్రితమే ఆలోచించిన యజమాని అరుదు. ఆ గౌరవం జంషెడ్‌జీకి దక్కాల్సిందే. అయితే ఊరి మంచిచెడ్డలు కంపెనీ చేతిలోనే ఉండిపోయాయి, ఎన్నికైన మునిసిపాలిటీ కోసం అడిగే గొంతులు అక్కడ పదేపదే వినిపించాయి. ఇప్పుడు మన దగ్గర కొత్త రాజధానులు, పారిశ్రామిక నగరాలు గీస్తున్న వాళ్లు ఆయన ఉత్తరంలోని చెట్లతో పాటు, అందులో లేని ఆ పల్లెలను కూడా లెక్కలోకి తీసుకుంటే మంచిది.