రెండు అగ్గిపుల్లల పరీక్ష

ఫిబ్రవరి 22 దగ్గర పడుతోందంటే స్కౌట్, గైడ్ దళాలున్న బడుల్లో హడావుడి మొదలవుతుంది. గ్రాంట్ రోడ్ చుట్టుపక్కల చాళ్లలో ఉండే మన తెలుగు పిల్లలు కూడా స్కార్ఫు ఇస్త్రీ చేయించుకుని, బూట్లకు పాలిష్ పెట్టుకుని వస్తారు. ఆ రోజు ఎవరి పుట్టినరోజంటే బేడెన్ పావెల్ అని ఠక్కున చెబుతారు. ఆయన ఈ సోపానాలు ఎందుకు పెట్టారని అడిగితే మాత్రం పిల్లలే కాదు, దళం నడిపే మాలాంటి టీచర్లం కూడా కాసేపు ఆలోచిస్తాం. సోపానాల్లోని అంశాలు అప్పుడప్పుడు మారుతుంటాయి. కొత్త పుస్తకం చేతికొచ్చినప్పుడల్లా ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి అని స్టాఫ్ రూములో వాదన తప్పదు. ఆ వాదనకు దిగే ముందు, మొదటి మెట్లు కట్టిన మనిషి జీవితం ఒకసారి చూడడం మంచిది.

రాబర్ట్ బేడెన్ పావెల్ 1857లో లండన్‌లో పుట్టారు. తండ్రి ఆక్స్‌ఫర్డ్‌లో రేఖాగణితం ప్రొఫెసరు. పిల్లవాడికి మూడేళ్లప్పుడే ఆయన పోయారు. పెద్ద సంసారాన్ని తల్లి హెన్రియెట్టా గ్రేస్ ఒంటిచేత్తో నెట్టుకొచ్చారు. చార్టర్‌హౌస్ బడిలో రాబర్ట్ చదువు అంతంతమాత్రం. బడి పక్కన ఒక తోపు ఉండేది, పిల్లలు అటు పోకూడదని కట్టడి. ఈయన అక్కడే దాక్కునేవారు. కుందేళ్లను పట్టి, టీచర్లకు పొగ కనిపించకుండా చిన్న మంట మీద వండుకునేవారు. చదువు ముగిశాక ఆక్స్‌ఫర్డ్ ఆయనను చేర్చుకోలేదు. ప్రొఫెసర్ కొడుక్కే సీటు రాలేదు! మార్కుల మెమో చూసి పిల్లల మీద విరుచుకుపడే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది. ఆ వెంటనే సైన్యం పరీక్ష రాస్తే అశ్వికదళానికి ఎంపికైన వారిలో రెండో స్థానం వచ్చింది.

అలా పంతొమ్మిదేళ్ల కుర్రాడు 1876 చివర్లో మన బొంబాయి రేవులోనే ఓడ దిగి, లక్నోలోని పటాలంలో చేరారు. దారి కనిపెట్టడం, అడుగుజాడలు చదవడం, శత్రువు కంటపడకుండా సమాచారం తేవడం ఆయనకు ఇష్టమైన పనులు. 1884లో ఆ విద్య మీదే సైనికుల కోసం ఒక పుస్తకం రాశారు. 1897లో మళ్లీ భారతదేశానికి వచ్చి, మీరట్‌లో ఒక అశ్వికదళానికి అధిపతి అయ్యారు. మన కథ అసలు మొదలయ్యేది అక్కడే. వందల మంది సిపాయిలను వరసలో నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చే పద్ధతి ఆయనకు నచ్చలేదు. చిన్న చిన్న జట్లుగా విడదీసి, జట్టుకొక నాయకుణ్ని పెట్టి, పని చేయిస్తూ నేర్పారు. నేర్చుకుని నెగ్గినవారికి ఒక గుర్తు ఇచ్చారు. దిక్సూచి మీద ఉత్తరాన్ని చూపే బాణపు మొన ఆ గుర్తు. ఈనాడు ప్రపంచమంతా స్కౌట్ల చొక్కాల మీద కనిపించే ఆకారం అదే. అంటే జట్టు, నాయకుడు, పరీక్ష, బ్యాడ్జి, ఈ నాలుగూ మన దేశపు నేల మీద ఒక చోట చేరాయి. అయితే ఆ బ్యాడ్జి మన పిల్లల చొక్కా మీదికి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ సంగతి ముందుకు వెళ్లాక చెబుతాం.

ఆయనకు పేరు తెచ్చింది దక్షిణాఫ్రికా యుద్ధం. 1899 అక్టోబరు నుంచి 217 రోజులు మాఫెకింగ్ అనే చిన్న ఊరిని బోయర్ల ముట్టడి నుంచి కాపాడారు. అక్కడ ఆయన కింది అధికారి ఎడ్వర్డ్ సెసిల్ ఊళ్లోని మగపిల్లలను ఒక దళంగా కూర్చారు. వాళ్లు కబుర్లు మోశారు, కాపలా కాశారు, సైకిళ్ల మీద ఉత్తరాలు చేరవేశారు. బాధ్యత అప్పజెబితే పిల్లలు పెద్దవాళ్లలాగే నిలబడతారని బేడెన్ పావెల్‌కు అక్కడ రూఢి అయింది. ఆ ముట్టడిలో తెల్లవారికి అందిన తిండి నల్లవారికి అందలేదు, ఎందరో ఆకలితో అలమటించారు. వీరగాథల్లో ఈ ముక్క తరచు జారిపోతుంది. పిల్లలకు చెప్పేటప్పుడు మేము దాన్ని వదలం.

ఇంగ్లండుకు తిరిగి వెళ్లేసరికి ఆయన రాసిన సైనికుల పుస్తకాన్ని బడి పిల్లలు ఆటల్లో వాడుకోవడం కనిపించింది. యుద్ధం తీసేసి పిల్లల కోసమే రాస్తే ఎలా ఉంటుందో పరీక్షించడానికి 1907 ఆగస్టులో బ్రౌన్‌సీ అనే దీవిలో ఇరవై మంది మగపిల్లలతో శిబిరం పెట్టారు. కొందరు ఖరీదైన బడుల పిల్లలు, కొందరు శ్రామికుల ఇళ్ల పిల్లలు. నాలుగు జట్లు చేసి అందరినీ కలిపేశారు. ఆనాటి ఇంగ్లండులో ఇది చిన్న విషయం కాదు. మరుసటి ఏడాది జనవరి నుంచి స్కౌటింగ్ ఫర్ బాయ్స్ పుస్తకం పక్షానికొక భాగం చొప్పున ఆరు భాగాలుగా వచ్చింది. పిల్లలు పెద్దల కోసం ఆగలేదు. పుస్తకం కొనుక్కుని వాళ్లే జట్లు కట్టి, తర్వాత మాస్టరు కోసం వెతుక్కున్నారు.

ఆ తొలి ఏళ్ల పరీక్షలు చూడండి. కొత్తగా చేరినవాడు ప్రమాణం, నియమాలు, ముడులు నేర్చుకోవాలి. నెల రోజులైనా దళంలో ఉన్నాక రెండో తరగతికి పోవచ్చు. అందుకు రెండు అగ్గిపుల్లలకు మించకుండా మంట వెలిగించాలి. ఆ మంట మీద పావు పౌను మాంసం, రెండు బంగాళాదుంపలు వండాలి. కొంతసేపు పరిగెత్తి కొంతసేపు నడుస్తూ పన్నెండు నిమిషాల్లో మైలు దూరం పోవాలి. పదహారు దిక్కులు తెలియాలి. ప్రథమ చికిత్స రావాలి. ఇరవై నాలుగు వస్తువులను ఒక్క నిమిషం చూసి, కనీసం పదహారు గుర్తుంచుకోవాలి. ఈ చివరి ఆట రడ్యార్డ్ కిప్లింగ్ రాసిన కిమ్ నవలలోంచి తీసుకున్నారు. కిప్లింగ్ పుట్టింది మన గ్రాంట్ రోడ్డుకు ఎంతో దూరం లేని జె.జె. ఆర్ట్ స్కూల్ ఆవరణలోనే. ఈ జాబితాలో ఇంకొకటి ఉంది. పొదుపు బ్యాంకులో కనీసం ఆరు పెన్నీలు దాచి ఉండాలి. బీడీలు చుట్టి, చిట్టీ కట్టి పిల్లలను చదివించిన కామాటిపురా తల్లులకు ఈ పరీక్ష అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు.

మొదటి తరగతికి ఈత, వంట, పటం చదవడం, కాలినడక ప్రయాణం చేసి వచ్చి నివేదిక రాయడం ఉండేవి. వీటన్నిటితో పాటు, కొత్తగా చేరిన ఒక పిల్లవాడికి తొలి మెట్టు పాఠాలన్నీ తానే నేర్పి, వాడిని పరీక్షకు తీసుకురావాలి. మేము టీచర్లం కనుక మాకు అన్నిటికంటే ఇదే గొప్పగా అనిపిస్తుంది. పైకి ఎక్కేవాడు కిందివాడికి చెయ్యి ఇవ్వకపోతే పై మెట్టు లేదు.

ఈ పరీక్షల్లో వ్యాసం రాయమని అడిగినవి చాలా తక్కువ. మంట వెలిగిందా, ముడి నిలిచిందా, కూర ఉడికిందా, అంతే. ఒకడు ఇంకొకడి కంటే ముందున్నాడా అన్న లెక్క లేదు. ఎక్కడ మొదలుపెట్టి ఎంత కష్టపడ్డాడన్నదే బేడెన్ పావెల్ చూడమన్నారు. ఇంగ్లీషు మీడియం పిల్లల పక్కన నిలబడితే నోరు పెగలని మన పిల్లవాడు ముడులు వేసే చోట వాళ్లకు ఏమాత్రం తీసిపోడు. అందుకే ఈ మెట్ల మీద మాకింత పట్టుదల.

1909లో క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర స్కౌట్లందరూ చేరితే, ఎవరూ పిలవకుండానే ఆడపిల్లలు కొందరు యూనిఫాం వేసుకుని వచ్చి నిలబడ్డారు. మరుసటి ఏడాది ఆయన చెల్లెలు ఆగ్నెస్ ఆధ్వర్యంలో గైడ్స్ మొదలైంది. చిన్నపిల్లలు మమ్మల్నీ చేర్చుకోమంటే 1916లో జంగిల్ బుక్ కథల ఆధారంగా కబ్స్ వచ్చింది. పిల్లలు తలుపు తట్టిన ప్రతిసారీ ఆయన కొత్త మెట్టు కట్టారు.

మన పిల్లలు తట్టినప్పుడు మాత్రం తలుపు అంత తొందరగా తెరుచుకోలేదు. 1909లోనే బెంగళూరులో దళం మొదలైంది, కానీ అది తెల్లవారికి, ఆంగ్లో ఇండియన్లకే. భారతీయ కుర్రాళ్లకు ఈ విద్యలు నేర్పితే రేపు తిరగబడతారని ప్రభుత్వానికి భయం. మనవాళ్లు ఊరుకోలేదు. 1913లో షాజహాన్‌పూర్‌లో శ్రీరామ్ వాజ్‌పేయి సొంతంగా దళం పెట్టారు. 1916లో మద్రాసులో అనీ బెసెంట్, అరండేల్ కలిసి భారతీయ బాలుర కోసమే ఒక స్కౌట్ సంఘం స్థాపించారు. పిల్లల తలకు పాగా, నోటికి మన పాటలు ఇచ్చారు. మెట్లు అవే, అడుగులు మనవి. పాఠ్యక్రమాన్ని మన కోసం మార్చుకోవడం అంటే ఏమిటో మొదట చూపింది వాళ్లేనని మా అభిప్రాయం. 1918లో మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూల చేతుల మీదుగా అలహాబాదులో సేవా సమితి స్కౌట్లు వచ్చారు.

1921లో బేడెన్ పావెల్ భారతదేశానికి వచ్చి అన్నీ చూశారు. బెసెంట్ సంఘం ఆయన సంఘంలో కలిసింది, మన పిల్లలకు ద్వారం తెరుచుకుంది. సేవా సమితి బయటే ఉండిపోయింది. ప్రమాణంలో రాజుకు విధేయత అనే మాట మనవాళ్లకు మింగుడుపడనిది. 1937లో ఢిల్లీలో జరిగిన జాంబూరీకి ఎనభయ్యో ఏట ఆయన మళ్లీ వచ్చారు. తిరిగి వెళ్లాక భారతీయుల శీలాన్ని తక్కువ చేసి మాట్లాడారన్న వార్త దుమారం రేపింది. ఆ కోపంలోంచే 1938లో హిందుస్థాన్ స్కౌట్ సంఘం పుట్టింది. పిల్లల మధ్య గోడలు కూల్చిన మనిషి సామ్రాజ్యపు గోడను మాత్రం దాటలేకపోయాడు. ఆ మాట దాచి ఆయన ఫొటోకు దండ వేయడం మాకు సమ్మతం కాదు. దండ మానేయడమూ సమ్మతం కాదు.

1941 జనవరి 8న కెన్యాలోని న్యేరిలో ఆయన కన్నుమూశారు. సమాధి రాతి మీద ఒక వలయం, మధ్యలో ఒక చుక్క ఉంటాయి. దారి గుర్తులు నేర్చిన ఏ స్కౌట్‌నైనా అడగండి, ఇంటికి వెళ్లిపోయాను అని దానికి అర్థం చెబుతాడు.

ఆయన పోయాక మెట్లు మారుతూనే వచ్చాయి. 1950 నవంబరు 7న దేశంలోని సంఘాలు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయింది, మరుసటి ఏడాది గైడ్లు అందులో చేరారు. ప్రమాణంలో రాజు పోయి దేశం వచ్చింది. ప్రవేశ్, ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపానాలు, రాజ్య పురస్కార్, రాష్ట్రపతి పురస్కారం వరుసగా వచ్చాయి. సోపానం అంటే మన పిల్లలకు వేరే అర్థం చెప్పక్కర్లేదు, తెలుగు వాచకంలో ఉన్న మాటే. బేడెన్ పావెల్ వ్యాయామాలు ఆరింటి పక్కన సూర్య నమస్కారాలు చేరాయి.

బయటి దేశాల్లో మార్పులు అన్నీ సాఫీగా సాగలేదు. బ్రిటన్‌లో 1967లో పాత తరగతులను తీసేసి, నిక్కర్ల బదులు ప్యాంట్లు పెడితే, నచ్చనివారు కొందరు 1970లో వేరుకుంపటి పెట్టుకున్నారు. అమెరికాలో 1972లో నగర పిల్లల కోసమంటూ అడవి విద్యలను బాగా తగ్గించేశారు. శిబిరానికి వెళ్లకుండానే పై మెట్లు ఎక్కే వీలు కల్పించారు. పిల్లలు పెరగలేదు సరికదా, తగ్గిపోయారు. చివరికి రిటైరైన విలియం హిల్‌కోర్ట్ అనే పెద్దాయన తిరిగి కూర్చుని పుస్తకాన్ని మళ్లీ రాస్తే, 1979లో మంట, గుడారం, కాలినడక వెనక్కి వచ్చాయి. నగరంలో పుట్టిన పిల్లలకు అడవి అక్కర్లేదని పెద్దలు అనుకున్నారు. పదడుగుల ఖోలీలో పెరిగే పిల్లలను రోజూ చూసే మాకు ఆ లెక్క ఎక్కడ తప్పిందో తెలుస్తూనే ఉంది.

ఇక ఇక్కడి సంగతి. రాష్ట్రపతి పురస్కారం దాకా ఎక్కితే రైల్వే ఉద్యోగాల్లో స్కౌట్ కోటా ఉందని తల్లిదండ్రులకు తెలుసు, తెలియనివారు తెలుసుకోవాలి. అది మంచిదే. కానీ ఆ తొందరలో లాగ్‌బుక్కును దుకాణంలో టైపు చేయించి, రంగు బొమ్మలు అతికించి తెచ్చేవాళ్లున్నారు. నలభై పేజీల నోటుబుక్కు, పిల్లవాడి చేతిరాత చాలు. తెలుగులోనే రాయనివ్వండి, పరీక్షకు వచ్చినవారికి అందులో ఏముందో చెప్పడానికి పక్కన మేముంటాం. ప్రార్థన, జెండా పాట హిందీలో ఉంటాయి. వాటి అర్థం తెలుగులో చెప్పించుకున్నాకే పిల్లలను బట్టీకి కూర్చోబెట్టండి. అమ్మాయిలను రాత్రి శిబిరానికి పంపడానికి జంకే ఇళ్లు చాలా ఉన్నాయి. గైడ్ కెప్టెన్ వెంట ఉంటారు. ఒక అమ్మో పిన్నమ్మో తోడు వస్తామన్నా మాకు అభ్యంతరం లేదు. మంట వెలిగించే పరీక్షకు చాలు మేడ మీద సాధన వద్దు. బడి ఆవరణలో, నీళ్ల బకెట్టు పక్కన పెట్టుకుని, మా ముందే చేయిస్తాం. ఈసారి ఐదో తరగతి నుంచి కొత్తగా చేరేవారికి ముడులు నేర్పే పని పైతరగతి పిల్లలకే అప్పగిస్తున్నాం. ఒక్కొక్కరికి ఒక్కొక్క చిన్నవాడు. తాడు మాత్రం ఇంటి నుంచి తెచ్చుకోవాలి, మూడు మీటర్లు ఉంటే సరిపోతుంది.