నక్షత్రములను చదివిన మేఘనాథ సాహా

భారత ప్రభుత్వ రాజపత్రమును చూచు అలవాటు గలవారికి దానిపై రెండు తేదీలుండుట తెలిసినదే. ఒకటి లోకమంతయు వాడు ఇంగ్లీషు తేదీ. రెండవది శక సంవత్సరపు తేదీ. ఈ రెండవది మన పంచాంగముతో ఏల కలియదని కొందరు తికమకపడుదురు. దానిని నిర్ణయించిన సంఘమునకు అధ్యక్షుడు, నక్షత్రముల వేడిమిని తెలిసికొను మార్గమును లోకమునకు చూపిన మేఘనాథ సాహాయే.

ఆయన 1893 అక్టోబరు 6వ తేదీన ఢాకా జిల్లాలోని శేవరాతలి గ్రామమున జన్మించెను. ఆ యూరు నేడు బంగ్లాదేశములో నున్నది. తండ్రి జగన్నాథ సాహాకు చిన్న పచారీ దుకాణము, ఎనమండుగురు సంతానము. ఊరిబడి చదువు ముగియగానే దుకాణములో కూర్చుండవలసిన బాలుడు, పొరుగూర అనంత కుమార దాసు అను వైద్యుని దయవలన పై చదువునకు పోగలిగెను. ఆ యింట తన గిన్నెలు తానే కడుగుకొనుచు, ఆవును చూచుకొనుచు చదివెను. ఢాకాలో ఉన్నత పాఠశాలయందుండగా, బెంగాలు విభజనపై ఆగ్రహము రగులుచున్న దినములలో, గవర్నరు రాకను బహిష్కరించినందుకు బడిని, ఉపకార వేతనమును కోల్పోయెను. 1911లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చేరెను. జగదీశ చంద్ర బోసు, ప్రఫుల్ల చంద్ర రాయి గురువులు. సత్యేంద్రనాథ బోసు సహాధ్యాయి. ఇంతటి విద్యాపీఠమున కూడ, వసతిగృహములో కులము పేరిట ఆయనకు పంక్తిభోజనము దక్కలేదు.

సూర్యకాంతిని గాజు పట్టకము గుండ పంపినచో రంగుల నడుమ నల్లని గీతలు కనబడును. ఒక్కొక్క మూలకమునకు తనవైన గీతలు గలవు. కనుక సూర్యునిలో నేమున్నదో ఇచ్చటనుండియే చదువవచ్చును. కాని ఆ లిపి కొన్ని చోట్ల అర్థము కాకుండెను. భూమిపై నున్న రుబీడియము, సీసియము సూర్యునిలో కానరావు. హైడ్రోజను కంటె ఎంతో బరువైన కాల్షియము సూర్యుని వాతావరణములో దానికంటె ఎత్తున కనబడును.

1920లో, ఇరువదియారేండ్ల ప్రాయమున, సాహా ఈ చిక్కును విప్పెను. సున్నపురాయి బట్టీలో కాలి సున్నముగను, వాయువుగను విడిపోవును. ఎంతవరకు విడివడునది వేడిమిని, ఒత్తిడిని బట్టి యుండును. రసాయన శాస్త్రజ్ఞులు ఎరిగిన ఈ నియమమునే ఆయన పరమాణువునకు వర్తింపజేసెను. వేడిమి హెచ్చినను, ఒత్తిడి తగ్గినను పరమాణువు ఎలక్ట్రానును కోల్పోవును. అంతట దాని గీతలు మారిపోవును. రుబీడియము సూర్యునిలో లేకపోలేదు, వేషము మార్చినది. అచ్చట కొంత చల్లనివైన సూర్య కళంకములలో వెదకినచో దొరకునని ఆయన చెప్పగా, అమెరికాలో రస్సెల్ అట్లే దానిని కనుగొనెను. 1925లో సిసీలియా పేన్ ఈ సమీకరణముతోనే నక్షత్రములలో అత్యధిక భాగము హైడ్రోజను, హీలియములని తేల్చెను.

1923 నుండి 1938 వరకు అలహాబాదులో ఆచార్యత్వము, 1927లో లండను రాయల్ సొసైటీ సభ్యత్వము. ఆ పిమ్మట ఆయన దృష్టి నానాటికి నేలమీదికి దిగెను. 1922నాటి ఉత్తర బెంగాలు వరదలలో గురువగు రాయితో కలిసి సహాయము చేసినవాడగుటచే వరద యనునది ఆయనకు పుస్తకములోని మాట కాదు. 1935లో స్థాపించిన సైన్స్ అండ్ కల్చర్ పత్రికలో నదులను గూర్చి పలుమార్లు వ్రాసెను. 1943లో దామోదర నది పొంగి కలకత్తాకు రైలు దారి తెగినప్పుడు ఏర్పడిన విచారణ సంఘములో సభ్యుడై, అమెరికాలోని టెన్నెసీ లోయవలె నది నంతటిని ఒక్క ప్రణాళికలో కట్టవలెనని పట్టుబట్టెను. 1948లో దామోదర లోయ సంస్థ వెలసెను.

ఇందుకు ఆయన చెల్లించిన మూల్యము తక్కువది కాదు. తరువాతి పరిశోధనలలో 1920 నాటి పత్రముతో తూగునది లేదనుట అన్యాయము కాబోదు. అణుశక్తి పరిశోధన విశ్వవిద్యాలయములలో బహిరంగముగా సాగవలెనని వాదించి ప్రభుత్వ పెద్దలకు దూరమయ్యెను. అయినను వెనుదీయక, 1952లో స్వతంత్ర అభ్యర్థిగా కలకత్తానుండి లోకసభకు ఎన్నికయ్యెను.

ఆ యేడే పంచాంగ సంస్కరణ సంఘము ఆయన చేతికి వచ్చెను. దేశమున సుమారు 30 పంచాంగములు వాడుకలో నుండెను. పూర్వులు గ్రహించిన సంవత్సర ప్రమాణము ఋతువుల సంవత్సరము కంటె కొంచెము దీర్ఘమగుటచే, నూర్ల యేండ్లలో సుమారు 23 దినముల తేడా పేరుకొన్నది. సూర్యుడు ఉత్తరమునకు మరలునది డిసెంబరు 22 ప్రాంతమున. మనము ఉత్తరాయణ పుణ్యకాలమని మకర సంక్రాంతి చేసికొనునది జనవరి 14 ప్రాంతమున. సంఘము 1955లో నివేదిక సమర్పించెను. 1956 ఫిబ్రవరి 16వ తేదీన, ఢిల్లీలో ప్రణాళికా సంఘ కార్యాలయమునకు పోవుచు దారిలోనే గుండె ఆగి సాహా మరణించెను. మరుసటి యేడు, 1957 మార్చి 22వ తేదీ, శక 1879 చైత్రము ఒకటవ దినముగా ప్రభుత్వ వ్యవహారములోనికి వచ్చెను. సంక్రాంతి ముగ్గులు మాత్రము నేటికిని జనవరిలోనే పడుచున్నవి.