అకారముకడ నాగిన మహాయత్నము

ఆంధ్రదేశమున గ్రంథాలయమని పేరుగల ప్రతి గృహమునందును స్మరింపదగిన మహనీయులలో శ్రీ కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగా రొకరు. వీరు 1877 మే 18వ తేదీని కృష్ణామండలమందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. బాల్యముననే తండ్రిని గోల్పోయి, అక్కగారగు శ్రీమతి భండారు అచ్చమాంబగారి యండను నాగపురమున విద్యనభ్యసించి యం.ఏ. పట్టమును బడసిరి.

పిదప మునగాల సంస్థానమున దివానుగా నుండి, రాజా నాయని వేంకట రంగారావు బహద్దరుగారి తోడ్పాటుతో 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పిన వారిలో ముఖ్యులైరి. 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. సామాన్యులకు తెలియు తెలుగున చరిత్రములను, శాస్త్రములను చిన్న పుస్తకములుగా వెలువరించుట యా మండలి పని. శ్రీ గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రము మొదటిది. ఆ పుస్తకములు సర్వసమగ్రములు గావు. అయినను ముగిసినవి, అచ్చుపడినవి, పాఠకుల చేతికి జేరినవి.

అంతటితో పంతులుగారికి తృప్తి కలుగలేదు. లోకమందలి విజ్ఞానమంతయు అకారాదిగా తెలుగున నుండవలెనని తలచి, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు బూనుకొనిరి. ఆంగ్లగ్రంథమును తెనిగించి యూరకుండక, ప్రతి విషయమును మూలములకు బోయి శోధింప నెంచిరి. ఒక వ్యాసమునకై పదిగ్రంథములు తిరుగవేయుట, పండితులకు వ్రాయుట, వ్రాసినదానిని మరల దిద్దుట నిత్యకృత్యమయ్యెను. మూడు సంపుటములు వెలువడినను అకారము దాటలేదు. ఉబ్బసవ్యాధి బాధించుచుండినను కలము విడువని యా పండితుడు 1923 జూలైలో చెన్నపురమున కీర్తిశేషుడయ్యెను. అప్పటికి వయస్సు నలువది యాఱేండ్లు.

పిమ్మట దేశోద్ధారక శ్రీ కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగా రా భారమును దాల్చిరి. వారును 1938లో, కార్యము ముగియకయే, దివంగతులైరి. తరువాతి కాలమున హైదరాబాదున పండితులు కొందఱు కూడి సంగ్రహాంధ్ర విజ్ఞానకోశమును ఎనిమిది సంపుటములుగా వెలువరించిరి. సంగ్రహమను మాటయందే వారి వివేకము గలదు. ఎంత విడువవలెనో ముందుగా నిశ్చయించుకొనిన వారికే తుది యక్షరము కనబడును.

కడపటి గింజ నేఱుకొనువఱకు కుప్ప నూర్వనని కూర్చుండు రైతును వాన విడిచిపెట్టదు. అట్లని పంతులుగారి శ్రమ వ్యర్థమనరాదు. ఆయన కొలువున పనిచేసిన శ్రీ మల్లంపల్లి సోమశేఖరశర్మగారు పిదప చరిత్రపరిశోధకులలో నగ్రగణ్యులైరి. ఆ మూడు సంపుటములును వ్యాసరచనకు నేటికిని మేలుబంతులే. కాని పల్లెపల్లెకు జదువును గొనిపోయినవి మాత్రము, లోపము లుండునని యెఱిగియు సకాలమున ముగించిన యా చిన్న పుస్తకములే. ఏ గ్రంథాలయమందును సమస్త గ్రంథములు నుండబోవు. ఉన్న నాలుగింటిని చదువువాడు గలిగెనేని పంతులుగారి కోరిక అకారమును దాటినట్లే.