రాతిలోని ఒత్తిడిని లెక్కగట్టిన రీడ్

భూకంపం ఎందుకు వస్తుంది? ఈ ప్రశ్నకు కొలతలతో జవాబిచ్చిన మహనీయుడు హారీ ఫీల్డింగ్ రీడ్. ఆయన 1859లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జన్మించారు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో చదివి 1885లో డాక్టరేట్ పొందారు. తరువాత అక్కడే ఆచార్యులుగా పనిచేశారు.

ఆయన మొదట పరిశోధించింది మంచును. 1890లోనూ, 1892లోనూ అలాస్కా వెళ్ళి హిమానీనదాల కదలికను కొలిచారు. కంటికి కదలనట్టు కనిపించేదాన్ని ఓపికగా కొలవడం ఆయనకు అక్కడే అలవడి ఉంటుందని మేము అనుకుంటున్నాం.

1906 ఏప్రిల్ 18న భూకంపం శాన్‌ఫ్రాన్సిస్కో నగరాన్ని నేలమట్టం చేసింది. కారణాలు తేల్చే సంఘంలో రీడ్ ఒక సభ్యుడు. అంతకుముందు 50 ఏళ్ళ సర్వే కొలతలను ఆయన పోల్చి చూశారు. చీలికకు రెండు వైపులా దూరంగా ఉన్న గుర్తులు భూకంపానికి ముందే, ఎవరికీ తెలియకుండా, ఒకదానితో పోలిస్తే మరొకటి చీలిక వెంబడి 3.2 మీటర్లు జరిగాయి. చీలిక పక్కనున్న నేల మాత్రం ఆ రోజే ఒక్కసారిగా జరిగింది.

వెదురు బద్దను వంచండి. వంచినంతసేపూ బలం అందులో దాగి ఉంటుంది. ఓర్చుకోలేనప్పుడు ఫట్‌మని విరుగుతుంది. రాయీ అంతే. చీలిక వద్ద ఒరిపిడి రాళ్ళను కదలనివ్వదు, దూరపు నేల కదలిక ఆగదు. మధ్యలోని రాయి వంగుతుంది. ఒత్తిడి హద్దు దాటినప్పుడు చీలిక జారి, వంగిన రాయి తిరిగి సాగుతుంది. ఆ అదురే భూకంపం. 1910లో ఆయన చెప్పిన ఈ ఎలాస్టిక్ రీబౌండ్ సిద్ధాంతమే నేటి కంప్యూటర్ నమూనాలకు పునాది. చీలికకు అడ్డంగా వరుసగా స్తంభాలు నాటి, వాటిని తరచూ కొలవమని కూడా ఆయన సూచించారు. 1944లో కన్నుమూశారు.

ఆయన కథ మనకెందుకు? 1969లో భద్రాచలం, 2024 డిసెంబర్ 4న ములుగు ప్రాంతం కంపించాయి. రెండోసారి హైదరాబాదులోనూ అదురు తెలిసింది. పాతబస్తీలో పాత గోడల మధ్య బతికేవాళ్ళకు ఇది ప్రాణాల సమస్య. ఎన్.జి.ఆర్.ఐ. మన నగరంలోనే 1961 నుంచి ఉంది. అక్కడి జి.పి.ఎస్. కేంద్రం మన నేల ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతోందని చూపుతోంది. అయినా భూకంపం వచ్చే రోజును, గంటను ఇంతవరకు ఎవరూ చెప్పలేరు. చెప్పామనేవారిని నమ్మి పరుగెత్తడం కంటే, గట్టి గోడ కట్టుకోవడం మేలు.

తమ్ముళ్ళారా! మా ఇళ్ళలో డిగ్రీ చూసిన మొదటి తరం మేమే. మీలోనూ చాలామందిది ఇదే కథ. భౌతికశాస్త్రం, గణితం మనవల్ల కావని వెనుకాడకండి. మన కాళ్ళ కింది రాతిని కొలిచేవారు రేపు మన హాస్టల్ నుంచీ రావాలి.