ఆకాశంలో దారి వేసిన జె.ఆర్.డి. టాటా

ఈ పాఠం చదివాక మీరు
– మన దేశంలో విమాన సర్వీసు ఎలా మొదలైందో చెప్పగలుగుతారు;
– ఒక సంస్థను జాతీయం చేయడం అంటే ఏమిటో వివరించగలుగుతారు;
– చేతిలోంచి పోయిన సంస్థ కోసం ఒక మనిషి పాతికేళ్లు ఎందుకు పనిచేశాడో ఆలోచించగలుగుతారు.

1. పరిచయం

గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లే బంధువులను సాగనంపడానికి మీరు ఎప్పుడైనా విమానాశ్రయానికి వెళ్లారా? వెళ్లకపోయినా, తలమీదుగా విమానం పోతుంటే చూసే ఉంటారు. ఇప్పుడు మనకది వింత కాదు. కాని 1932కు ముందు మన దేశంలో భారతీయులు నడిపే విమాన సర్వీసు ఒక్కటి కూడా లేదు. దాన్ని మొదలుపెట్టిన వ్యక్తి జహంగీర్ రతన్‌జీ దాదాభాయ్ టాటా. అందరూ ఆయనను జె.ఆర్.డి. అనేవారు. ఆయన జీవితం గురించి తెలుసుకుందాం.

2. బాల్యం

జె.ఆర్.డి. 1904 జులై 29న పారిస్ నగరంలో పుట్టాడు. తండ్రి పార్సీ, తల్లి ఫ్రాన్సు దేశస్థురాలు. వేసవిలో ఆ కుటుంబం సముద్రతీరంలోని హార్డెలో అనే ఊరికి వెళ్లేది. విమానంలో ఇంగ్లీషు కాలువను మొట్టమొదట దాటిన లూయీ బ్లేరియోకు కూడా ఆ ఊళ్లో ఇల్లు ఉండేది. ఇసుక మీద దిగే విమానాలను పిల్లవాడు కళ్లప్పగించి చూసేవాడు. పదిహేనో ఏట మొదటిసారి విమానం ఎక్కాడు. ఆ రోజే పైలట్ కావాలని నిశ్చయించుకున్నాడు.

1925లో బొంబాయి వచ్చి టాటా సంస్థలో జీతం లేకుండా పని నేర్చుకోవడానికి చేరాడు. మరుసటి ఏడాదే తండ్రి చనిపోయాడు. 1929లో ఫ్రెంచి పౌరసత్వం వదులుకున్నాడు. ఆ ఏడాది ఫిబ్రవరి 10న ఆయనకు పైలట్ లైసెన్సు వచ్చింది. మన దేశంలో ఇచ్చిన లైసెన్సుల్లో అది 1వ నంబరు.

3. పందెం

ఆ రోజుల్లో ఆగాఖాన్ ఒక బహుమతి ప్రకటించాడు. ఇంగ్లండుకు, ఇండియాకు మధ్య ఒంటరిగా విమానం నడిపిన మొదటి భారతీయుడికి 500 పౌండ్లు ఇస్తానన్నాడు. 1930లో జె.ఆర్.డి. కరాచీ నుంచి బయలుదేరాడు. ఆస్పీ ఇంజనీర్ అనే యువకుడు ఇంగ్లండు నుంచి ఎదురుగా వస్తున్నాడు.

ఈజిప్టులోని అబూకిర్‌లో జె.ఆర్.డి. దిగేసరికి ఆస్పీ అక్కడే చిక్కుకుపోయి ఉన్నాడు. అతని ఇంజనులో స్పార్కు ప్లగ్గు పాడైంది. మారుద్దామంటే విడి ప్లగ్గు లేదు. జె.ఆర్.డి. తన దారిన తాను పోతే పందెం ఆయనదే అయ్యేది. ఆయన తన దగ్గరున్న ప్లగ్గులు ఇచ్చి ఆస్పీని పంపించాడు. కొద్ది గంటల తేడాతో ఆస్పీ గెలిచాడు. ఆ ఆస్పీ తర్వాతి కాలంలో భారత వైమానిక దళానికి అధిపతి అయ్యాడు.

4. మొదట ఉత్తరాలు, తర్వాత మనుషులు

అప్పట్లో లండన్ నుంచి వచ్చే విమాన తపాలా కరాచీ వరకే వచ్చేది. అక్కడి నుంచి రైల్లో పంపేవారు. కరాచీ నుంచి బొంబాయి మీదుగా మద్రాసుకు తపాలాను విమానంలో చేరవేస్తే ఎంతో సమయం కలిసివస్తుందని నెవిల్ విన్సెంట్ అనే పైలట్ జె.ఆర్.డి.తో కలిసి ప్రణాళిక వేశాడు. టాటా సంస్థ సుమారు 2 లక్షల రూపాయలు పెట్టుబడి పెట్టింది. బ్రిటిషు ప్రభుత్వం మాత్రం ఆర్థిక సాయం ఇవ్వనంది. మోసిన తపాలాకు కూలి ఇస్తే చాలని టాటాలు ఒప్పుకున్నారు.

1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. పుస్ మాత్ అనే చిన్న విమానంలో కరాచీ నుంచి బయలుదేరి, అహ్మదాబాదులో ఆగి, బొంబాయిలోని జుహూలో దిగాడు. అహ్మదాబాదులో పెట్రోలు డబ్బాలు ఎడ్లబండి మీద వచ్చాయి! జుహూ నుంచి విన్సెంట్ తపాలా సంచులను బళ్లారి మీదుగా మద్రాసుకు చేర్చాడు. మొత్తం దారి దాదాపు 2,000 కిలోమీటర్లు. వాతావరణం చెప్పడానికి రేడియో లేదు. రైలుపట్టాలు, నదులు, కొండలే గుర్తులు. వానాకాలంలో జుహూ మైదానం బురదమయం అయ్యేది. అప్పుడు విమానాలను పూనాకు తరలించేవారు.

మొదటి సంవత్సరంలో ఆ విమానాలు ఎక్కినవారు 155 మంది మాత్రమే. తపాలా మోసిన ఆదాయం మీదే సర్వీసు నిలబడింది. ప్రయాణికులు నెమ్మదిగా పెరిగారు.

1938లో, 34 ఏళ్ల వయసులో, జె.ఆర్.డి. టాటా సంస్థలకు అధ్యక్షుడయ్యాడు. 1946లో టాటా ఎయిర్‌లైన్స్ పేరు ఎయిర్ ఇండియాగా మారింది. 1948లో విదేశీ సర్వీసు కోసం వేరే కంపెనీ పెట్టారు. అందులో ప్రభుత్వం వాటా 49 శాతం. 1948 జూన్ 8న మలబార్ ప్రిన్సెస్ అనే విమానం 35 మంది ప్రయాణికులతో బొంబాయి నుంచి లండన్‌కు బయలుదేరింది. జె.ఆర్.డి. కూడా అందులో వెళ్లాడు.

ఆలోచించండి: ప్రయాణికుల కంటే ముందు ఉత్తరాలతో సర్వీసు మొదలుపెట్టడం వల్ల లాభం ఏమిటి?

5. సంస్థ చేజారిన రోజు

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యానికి అక్కరలేని డకోటా విమానాలు చౌకగా దొరికాయి. చాలామంది కంపెనీలు పెట్టారు. ప్రభుత్వం అందరికీ లైసెన్సులు ఇచ్చింది. ఎక్కేవాళ్లు తక్కువ, విమానాలు ఎక్కువ. దాంతో నష్టాలు మొదలయ్యాయి. ఇన్ని లైసెన్సులు ఇవ్వడమే తప్పని జె.ఆర్.డి. వాదించాడు.

చివరకు ప్రభుత్వం ఈ రంగాన్ని జాతీయం చేసింది. జాతీయం చేయడం అంటే ప్రైవేటు సంస్థలకు పరిహారం ఇచ్చి, వాటిని ప్రభుత్వమే తీసుకొని నడపడం. 1953 ఆగస్టు 1 నుంచి రెండు ప్రభుత్వ సంస్థలు ఏర్పడ్డాయి. దేశంలోపల తిరిగే ఎనిమిది కంపెనీలు కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయ్యాయి. హైదరాబాదులో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి నడిపిన డెక్కన్ ఎయిర్‌వేస్ వాటిలో ఒకటి. విదేశాలకు వెళ్లేది ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్.

తనను సంప్రదించకుండా నిర్ణయం తీసుకున్నారని జె.ఆర్.డి. చాలా బాధపడ్డాడు. అయినా ఎయిర్ ఇండియాకు అధ్యక్షుడిగా ఉండమని ప్రధాని నెహ్రూ అడిగినప్పుడు కాదనలేదు. తాను తప్పుకుంటే సర్వీసు నాణ్యత దెబ్బతింటుందని ఆయన భయం. జీతం తీసుకోకుండా దాదాపు పాతికేళ్లు ఆ పదవిలో పనిచేశాడు.

ఎలా పనిచేశాడో చూడండి. విమానం ఎక్కిన ప్రతిసారీ ఆయన ప్రయాణికుడి కళ్లతో అన్నీ గమనించేవాడు. టీ రంగు, సీటు వాలు, తెరల శుభ్రత – కనిపించిన ప్రతి లోపాన్నీ రాసి అధికారులకు పంపేవాడు. దుమ్ము పట్టిన కౌంటరును తానే తుడిచిన సందర్భమూ ఉంది. 1960లో ఎయిర్ ఇండియాకు జెట్ విమానాలు వచ్చాయి. 1962 నాటికి సంస్థ విమానాలన్నీ జెట్లే అయ్యాయి. ప్రపంచంలో ఈ స్థాయికి మొదట చేరిన సంస్థ అదే.

1978 ఫిబ్రవరిలో మొరార్జీ దేశాయి ప్రభుత్వం ఆయనను అధ్యక్ష పదవి నుంచి తప్పించింది. అది ఆయనకు రెండో దెబ్బ. 1980లో ఇందిరాగాంధీ ప్రభుత్వం ఆయనను పాలకమండలిలో సభ్యుడిగా మళ్లీ తీసుకుంది. అధ్యక్షుడిగా ఉన్నచోట సభ్యుడిగా కూర్చోవడానికి ఆయన వెనుకాడలేదు.

6. చివరి సంవత్సరాలు

1982 అక్టోబరు 15న మొదటి ప్రయాణానికి 50 ఏళ్లు నిండాయి. 78 ఏళ్ల జె.ఆర్.డి. పాతకాలపు చిన్న విమానాన్ని తానే నడుపుతూ కరాచీ నుంచి బొంబాయికి మళ్లీ వచ్చాడు. 1992లో ప్రభుత్వం ఆయనకు భారతరత్న ఇచ్చింది. 1993 నవంబరు 29న జెనీవాలో కన్నుమూశాడు. 2022 జనవరి 27న ఎయిర్ ఇండియా తిరిగి టాటాల చేతికి వచ్చింది. చూడడానికి ఆయన లేడు.

విమానయానాన్ని ప్రభుత్వం నడపాలా, ప్రైవేటువారు నడపాలా అన్న చర్చ ఇప్పటికీ ఉంది. మీ అభిప్రాయం ఏదైనా కావచ్చు. జె.ఆర్.డి. మాత్రం సంస్థ ఎవరిదైనా అందులో ఎక్కేవాడికి లోటు రాకూడదని పనిచేశాడు. మీరు చేసే పని సొంతమైనా, మరొకరిదైనా, ఈ మాట గుర్తుంచుకోదగినదే.

అభ్యాసం

అ) ఖాళీలు పూరించండి.
1. భారతీయుల తొలి విమాన తపాలా సర్వీసు ________ సంవత్సరంలో మొదలైంది.
2. విన్సెంట్ తపాలాను ________ మీదుగా మద్రాసుకు చేర్చాడు.
3. ఎనిమిది కంపెనీలు కలిసి ________ అయ్యాయి.

ఆ) ఆస్పీకి ప్లగ్గులు ఇవ్వడానికీ, 1953లో పదవి ఒప్పుకోవడానికీ మధ్య మీకు కనిపించిన పోలిక ఏమిటి? ఐదు వాక్యాల్లో రాయండి.

జవాబులు (అ): 1. 1932 2. బళ్లారి 3. ఇండియన్ ఎయిర్‌లైన్స్