గూడవల్లి రామబ్రహ్మం: ఒక కరపత్రం కథ

సూర్యాపేట, మిర్యాలగూడ, వనపర్తి, గద్వాల వంటి పట్టణాల చుట్టుపక్కల పల్లెలలో కొత్త బొమ్మ వచ్చినదన్న కబురు ఒకప్పుడు ఎడ్లబండి మీద చేరేది. బండికి రెండు ప్రక్కలా తడికెలు నిలిపి, వాటిపై రంగుల చిత్తరువులు అంటించేవారు. ముందు డప్పు, వెనుక పిల్లల గుంపు. బండిలోని మనిషి గొంతెత్తి చిత్రం పేరు, ఆట వేళ చెప్పి, పలుచని రంగు కాగితపు కరపత్రాలను గాలిలోకి విసిరేవాడు. వాటికోసం పిల్లలు దుమ్ములో పెనగులాడేవారు. అక్షరం రాని ఇంటికి కూడా ఆ కాగితం చేరేది. బడికి పోయే పిల్లవాడు దానిని చదివి పెద్దలకు వినిపించేవాడు. ఒక బండి, ఒక డప్పు, కొంత కాగితం: చిత్రశాల యజమానికి అంతకు మించిన ఖర్చు లేదు.

తెలుగునాట ఇటువంటి కరపత్రాలు ఎన్నో వేలు రాలి మట్టిలో కలిసిపోయినవి. కాని 1938లో పంచబడిన ఒక కరపత్రం మాత్రం నేటికీ చలనచిత్ర చరిత్రలో నిలిచి ఉన్నది. దానిని పంచిన చిత్రం ‘మాలపిల్ల’. దాని నిర్మాత, దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం.

రామబ్రహ్మం 1902లో కృష్ణాజిల్లా నందమూరులో జన్మించినాడు. చిత్రరంగంలోకి రాకముందు ఆయన వృత్తి పత్రికారచన. మద్రాసులో ‘ప్రజామిత్ర’ వారపత్రికకు సంపాదకుడుగా పనిచేసి, సంఘ సంస్కరణ విషయాలను నిర్మొగమాటంగా చర్చించినవాడు. పత్రికను నడిపిన వానికి ఒక సత్యం బాగా తెలుస్తుంది. మంచి మాట వ్రాసినంత మాత్రాన చాలదు, దానిని జనం చేతిలోకి తీసుకొనేటట్లు చేయాలి. ఈ అనుభవం తరువాత ఆయనకు ఎంతగా అక్కరకు వచ్చినదో ముందు చూడగలము.

తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వెలువడినది. అటుపై అయిదారు సంవత్సరాలు తెరమీద ఎక్కువగా కనిపించినవి దేవతలు, రాక్షసులు, పతివ్రతలు. రంగస్థలం మీద పేరుపొందిన పౌరాణిక నాటకాలనే చిత్రాలుగా తీసేవారు. ప్రేక్షకులకు కథ ముందే తెలుసు గనుక ప్రచారానికి పెద్ద కష్టం ఉండేది కాదు. రామబ్రహ్మం ఆ సుఖమైన దారిని వదిలినాడు. చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాదు అండతో ఏర్పడిన సారథి ఫిలిమ్సు మొదటి చిత్రానికి గుడిపాటి వెంకటచలం కథను ఎన్నుకొన్నాడు. చలం పేరు వింటేనే పెద్దమనుషులు కనుబొమలు ముడిచే రోజులు అవి. చిత్రానికి మాటలు వ్రాసినది తాపీ ధర్మారావు. గ్రాంథికాన్ని వదిలి, మనుషులు ఇళ్ళలో మాట్లాడుకొనే భాషను ఆయన పాత్రలచేత పలికించినాడు. అప్పటికి అయిదేళ్ళ క్రితమే కన్నుమూసిన బసవరాజు అప్పారావు గేయాలను కూడా ఇందులో వాడుకొన్నారు. కథానాయిక కాంచనమాల.

కథ సులభమైనది. దేవాలయ ధర్మకర్త సుందరరామశాస్త్రి ఆచారపరాయణుడు. ఆయన కుమారుడు నాగరాజు మాలవాడకు చెందిన సంపాలతను ప్రేమిస్తాడు. ఊరిలో నిలువ నీడలేక వారు కలకత్తాకు పోతారు. ఇక్కడ ఊరిలో దేవాలయ ప్రవేశం కోసం, నీటికోసం తగవు సాగుతూ ఉంటుంది. ఒకనాడు శాస్త్రి ఇల్లు అంటుకొని, ఆయన భార్య మంటలలో చిక్కుకొనగా, మాలవాడ యువకుడు ఒకడు ఆమెను కాపాడుతాడు. శాస్త్రి మనసు అప్పుడు మారుతుంది. డాక్టరు గోవిందరాజుల సుబ్బారావు ఆ శాస్త్రి పాత్రను ధరించినాడు. వేళాకోళానికి నిలబెట్టిన బొమ్మగా గాక, తాను నమ్మిన ధర్మానికి కట్టుబడి బాధపడే మనిషిగా ఆ పాత్ర కనిపిస్తుంది. చిత్రం బలమంతా అక్కడే ఉన్నది.

ఇది ఎటువంటి కాలంలో వచ్చినదో గమనించవలె. గాంధీజీ 1933 డిసెంబరులో హరిజన యాత్రలో భాగంగా ఆంధ్రదేశంలో పర్యటించినారు. 1936 నవంబరులో తిరువాన్కూరు మహారాజు దేవాలయ ప్రవేశ ప్రకటన చేసినాడు. మద్రాసు రాష్ట్రంలోని మధుర మీనాక్షి ఆలయం తలుపులు 1939 జూలైలో గాని తెరుచుకొనలేదు. ‘మాలపిల్ల’ విడుదలైనది 1938 సెప్టెంబరు 25న. అంటే తెరమీద తెరుచుకొన్న గుడి తలుపు ఊరిలో ఇంకా మూసియే ఉన్నది.

చిత్రం పేరు వినగానే నిరసన లేచినది. ఆ మాటను పలకడానికే సంకోచించే వీధులలో అది గోడలమీద పెద్ద అక్షరాలలో కనిపించినది. ఒక విధంగా ఆ పేరే మొదటి ప్రచారం, దానికి కాణీ ఖర్చు లేదు. కాని నిరసన ముదిరితే చిత్రశాల ఖాళీ అవుతుంది. కొత్త సంస్థ, కొత్త దర్శకుడు. ఈ ఒక్క చిత్రం దెబ్బతిన్నచో పౌరాణికాలు తప్ప వేరేమీ ఆడవని తేల్చివేయడానికి వ్యాపారస్థులు సిద్ధంగా ఉన్నారు.

అప్పుడు వెలువడినది ఆ కరపత్రం. ‘మాలపిల్ల’ చూడవచ్చే బ్రాహ్మణులకు ప్రవేశం ఉచితమని అందులో ప్రకటించినారు.

ఈ యుక్తి పనిచేసే తీరును విద్యార్థులు కొంచెం ఆలోచించి చూడదగును. ఖాళీ బల్లను ఎవరికైనా ఊరికే ఇచ్చినందువల్ల చిత్రశాలకు పోయేదేమీ లేదు. ఖర్చు అంతా కరపత్రం అచ్చుకూలి మాత్రమే. పిలుపు అందుకొన్నవాడు మాత్రం చిక్కులో పడతాడు. వస్తే నలుగురూ చూస్తారు. రాకపోతే ఎందుకు రాలేదని నలుగురూ అడుగుతారు. ఎవరు వస్తారో చూదామన్న కుతూహలంతో మిగిలిన ఊరు ఊరంతా టిక్కెట్టు కొనుక్కొని వస్తుంది. నిరసించేవారి నోటినే చాటింపు డప్పుగా మార్చిన ఉపాయం ఇది.

ఇందులో కొంత ఎత్తిపొడుపు లేకపోలేదు. ఒక కులాన్ని పేరుపెట్టి పిలవడం గౌరవమా, పరిహాసమా అన్న సందేహం కలగడం సహజం. కథ వ్రాసిన చలమే ఆ కులంలో పుట్టినవాడు. అయినను ఒక మాట ఒప్పుకొనక తప్పదు. కరపత్రం ప్రత్యర్థిని బయట నిలబెట్టి తిట్టలేదు, లోపలికి పిలిచి కూర్చుండబెట్టినది. శాస్త్రి పాత్ర మనసు మారడం చూడవలసినవారు ఎవరో, వారికే ముందు వరుస ఇచ్చినది. గుడిలో చోటును పుట్టుక నిర్ణయించేది. చిత్రశాలలో దానిని టిక్కెట్టు నిర్ణయించేది. ఆ కరపత్రం చేతికి వచ్చినవాడు ఈ తేడాను గమనించక ఉండలేడు.

చిత్రం ఘనవిజయం పొందినది. మరుసటి ఏడు, 1939లో, రామబ్రహ్మం ‘రైతుబిడ్డ’ తీసినాడు. ఇది జమీందారీ పీడనపై కథ. పెట్టుబడి పెట్టిన సంస్థకు అండ ఒక జమీందారుదే కావడం ఇందులోని విచిత్రం. బళ్ళారి రాఘవ నటించినాడు, గోపీచంద్ మాటలు వ్రాసినాడు, కొసరాజు పాటల రచయితగా పరిచయమైనాడు. ఈసారి ఎదిరించినవారు అగ్రహారీకులు కారు, జమీందారులు. వారిని ఉచిత టిక్కెట్టుతో లొంగదీయడం సాధ్యమయ్యే పని కాదు. నెల్లూరు ప్రాంతంలో చిత్రాన్ని ఆపివేసినారు. నిషేధం కూడా ఒక ప్రచారమే అంటారుగాని, తెరమీదకు రాని బొమ్మకు ఎంత ప్రచారం జరిగినా టిక్కెట్టు తెగదు. దేశముఖుల వెట్టిచాకిరి క్రింద నలిగిన నల్లగొండ రైతు 1946లో తిరగబడినాడు. అంతకు ఏడేళ్ళ ముందే తెలుగు తెరమీద రైతు గొంతు వినిపించినదని ఈ జిల్లాలవారు గుర్తుంచుకొనదగును.

తరువాత వచ్చిన ‘ఇల్లాలు’, ‘అపవాదు’, ‘పత్ని’, ‘పంతులమ్మ’ చిత్రాలలో ఇంత దుమారం లేదు. 1945 నాటి ‘మాయలోకం’ జానపదం. మొదటి రెండు చిత్రాల నిప్పు వీటిలో వెదికినా కనిపించదు.

అది చివరి చిత్రంలో మళ్ళీ రాజుకొన్నది. నల్లగొండ జిల్లా దక్షిణపు సరిహద్దున కృష్ణ దాటితే పలనాడు. అక్కడి వీరగాథ ఆధారంగా ‘పల్నాటి యుద్ధం’ తీయ పూనుకొన్నాడు. అన్ని కులాలవారినీ ఒకే పంక్తిలో కూర్చుండబెట్టి భోజనం పెట్టించిన బ్రహ్మనాయుని చాపకూడు ఆ కథలోనిది. మాలవాడలో పుట్టిన కన్నమదాసును నాయుడు కుమారునిగా చేరదీసినదీ ఆ కథలోనే. బ్రహ్మనాయుడుగా నటించినది, ఎనిమిదేళ్ళనాడు శాస్త్రిగా కనిపించిన గోవిందరాజుల సుబ్బారావే. నాయకురాలు నాగమ్మ పాత్ర కన్నాంబది.

చిత్రం పూర్తికాకముందే, 1946 అక్టోబరు 1న రామబ్రహ్మం కన్నుమూసినాడు. వయస్సు నలుబది నాలుగేండ్లు. మిగిలిన భాగాన్ని ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేసినాడు. 1947లో చిత్రం విడుదలైనప్పుడు దర్శకులుగా ఇద్దరి పేర్లూ వేసినారు.